తాతగారి బిస్కెట్

అందరూ ఆమెను కుక్కల టీచరమ్మ అంటారు. ఇరవై ఏళ్లుగా ఇళ్లకే వెళ్లి కుక్కలకు బుద్ధి నేర్పుతోంది. ఈసారి ఆమెను పిలిపించిన తాతగారి ఇంట్లో బెల్ మోగితే చాలు, కుక్క ఇల్లు పీకి పందిరేసేది. "నోర్ముయ్!" అని తాతగారు అంతకంటే గట్టిగా అరిచేవారు.

"మీరూ మొరుగుతున్నారనుకుంటోంది తాతగారూ. మీరు నోరు విప్పకండి. అది ఆపగానే బిస్కెట్ పెట్టండి."

"నీకు ముందు నేర్పడానికొచ్చిన ముగ్గురూ చేతులెత్తేశారు. నీ తరం కాదమ్మా!"

వారం రోజులు ఆమే బయట నిలబడి బెల్ నొక్కింది. ఎనిమిదో రోజు బెల్ మోగితే కుక్క చాప మీద బుద్ధిగా కూర్చుంది. తాతగారే అలవాటుకొద్దీ నోరు తెరవబోయి, కుక్క తనవంక చూడగానే టక్కున మూసుకున్నారు.

టీచరమ్మ దర్జాగా లోపలికొచ్చి కుక్కకో బిస్కెట్ పెట్టింది. రెండోది తాతగారి చేతిలో పెట్టింది. ఆయన మారుమాట్లాడకుండా తినేశారు.