మఠం పలక, మా బాయి దుంగ

2007 వేసవి. గోదావరిఖనిలో ఒక ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే గనిలో, నేను ఓవర్‌మన్‌ని. షిఫ్టులో పనికీ మనుషులకూ జవాబు చెప్పుకోవాల్సినవాడు ఓవర్‌మనే. నా నోరు మంచిది కాదని బాయంతా, అంటే గనంతా, పేరు. గని లోపల మెత్తగా మాట్లాడితే ఎవడు వింటాడు చెప్పండి?

అప్పుడే కొత్త యంత్రం బిగించడానికి జర్మనీ నుంచి హెల్ముట్ అనే ఇంజనీరు వచ్చాడు. తల నెరిసిన మనిషి. నా డబ్బాలోని పచ్చిపులుసు రుచి చూసి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ తన ఊరి ముచ్చట్లు ఇంగ్లీషులో చెప్పేవాడు. వాళ్ల ఊళ్లో ఒక పాత క్రైస్తవ మఠం శిథిలాలున్నాయట. ఎన్నో వందల ఏళ్ల కిందట సన్యాసులు అడవి కొట్టి కట్టుకున్నారు. గంట కొడితే ప్రార్థన, గంట కొడితే పొలం పని. అవసరమైతే తప్ప నోరు విప్పకూడదు. నాలాంటివాణ్ణి మొదటిరోజే గెంటేసేవారు. పక్క గుట్టలో బొగ్గు బయటపడితే తవ్వించిందీ వాళ్లే. తర్వాత మతాల గొడవల్లో మఠం మూతపడింది. ఊరివాళ్లు రాళ్లు ఊడదీసి ఇళ్లు కట్టుకున్నారు.

"మా వంటింటి గోడలోనూ ఒక దొంగ రాయి ఉంది" అని నవ్వాడు.

ఒక్క సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాడు. మఠంలో ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే గంట కాదు, చెక్కపలక కొట్టేవారు. అది వినగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ ఉరకాలి. మఠంలో పరుగెత్తనిచ్చేది అప్పుడొక్కటే. "అందరూ చేరేదాకా పలక ఆపరు. వస్తున్నామని ఆ పడుకున్నవాడికి తెలియాలి కదా!"

నేను తెలుగులో చెబుతుంటే పక్కన రాజన్న వింటున్నాడు. అతను టింబర్‌మన్. గని కప్పుకు ఊతంగా దుంగలు నిలబెట్టడం అతని పని.

"మనకెవలు కొడ్తరే అన్నా, పలక?" అన్నాడు.

"ముందు నీ దుంగలు సక్కగ కొట్టురా. పలక ముచ్చట తర్వాత."

కొద్ది రోజులకే, మొదటి షిఫ్టులో మా ముందరే కప్పు కూలింది. దుమ్ము కాస్త తగ్గాక మనుషులను చూసుకున్నాను. రాజన్న లేడు. అంతలో బండల అవతల నుంచి రాయి మీద రాయి కొడుతున్న చప్పుడు వినిపించింది. బతికే ఉన్నాడు!

రాజన్న బామ్మర్ది కొమురయ్య "బావా!" అంటూ ఉరికాడు. బెల్టు పట్టి గుంజాను.

"ఇడువు సార్! మా బావ లోపట సస్తున్నడు!"

"నువ్వు గూడ సస్తవా? మీ అక్కకు రెండు పీనుగుల్ని ఒప్పజెప్పమంటవా?"

కప్పు ఇంకా పటపటమంటూ రాలుతోంది. ఇలాంటప్పుడు ఉరికినవాళ్లే ముందు పోతారు. కప్పును కడ్డీతో తట్టి చూడాలి, ఒక దుంగ నిలపాలి, దాని కిందికి జరగాలి, మళ్లీ తట్టాలి. గట్టి కప్పుకూ ఊడే కప్పుకూ చప్పుడు తేడా తెలియాలని నోళ్లు మూసుకొమ్మన్నాను. కొమురయ్య నన్ను తిట్టని తిట్టు లేదు. నేను మొహం గంటు పెట్టుకుని కప్పు తడుతూనే ఉన్నాను.

లోపలి చప్పుడు మెల్లబడింది. కాసేపటికి ఆగిపోయింది.

అప్పుడు నా వెనక టక్‌మని మోగింది. హెల్ముట్ గట్టి కప్పు కింద నిలబడి, పడున్న చెక్క దిమ్మను సుత్తితో కొడుతున్నాడు. ఆపమని అరవబోయాను. అతని మొహం చూశాక పలక సంగతి గుర్తొచ్చింది. సుత్తి తీసుకుని కొమురయ్య చేతిలో పెట్టాను.

"కొట్టు. ఆపినవంటె నేనే సంపుత."

ఏడుస్తూనే కొట్టాడు. మేం దుంగలు నిలబెడుతూ జరిగాం. అవతలి నుంచి జవాబు లేదు. పీనుగ కోసమే తవ్వుతున్నామేమో అనిపించింది. మరో దుంగ నిలబెట్టాక, చాలా మెల్లగా, టక్. కొమురయ్య గొంతెత్తి ఏడ్చాడు.

రాజన్న కాలు నుజ్జయింది, ప్రాణం దక్కింది. దవాఖానలో నన్ను చూడగానే అడిగాడు.

"నేను కొట్టుడు ఎందుకు బంద్ చేసిన్నో ఎర్కేనా అన్నా?"

"చెయ్యి సత్తువ పోయిందనుకున్న."

"కాదే. బండలు పడుడు తప్ప ఇంకేం ఇనవడలే. నన్ను ఇడిసి పోయిన్రనుకున్న. ఇగ ఎవలికోసం కొట్టాలె?"

ఆ మాట నా గుండెలో దిగబడింది. ఇవతల మేం అతని కోసమే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నాం. ఆ సంగతి బండల కిందున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత నా చేతి కింద పనిచేసిన ప్రతివాడికీ ఇదే చెప్పాను: కప్పు చూడకుండా ఉరకొద్దు, కానీ ఒకడు కొడుతూనే ఉండాలి.

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డానే గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వెనక వరుసలో రాజన్న చేతికర్రతో కుర్చీ మీద కొట్టడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచేదాకా ఆపలేదు.