ఎడమచేతి రొట్టె

ఎడారిలోని వఫ్రా తోటల నుంచి వచ్చే బస్సులో పక్కసీటాయన జగిత్యాల మనిషి, తోటపని. నేనిచ్చిన రొట్టె ఎడమచేత్తో తింటుంటే రోత పుట్టింది. అది గమనించి ఆయనే చెప్పాడు.

"మా కఫీల్, అదే వీసా ఇచ్చిన అరబ్బు సేటు, తోటలకొచ్చే కుక్కలను కాలుస్తడన్నా. మొన్నటిదాంక పాత మిలిటరీ తుపాకి. పైనుంచి తూటాలు నింపేసరికి సగం కుక్కలు ఉరుకుతుండె. ఇప్పుడు అసొంటిదే ఇంకోటి తెచ్చిండు, తూటాల పెట్టె ఊడొస్తది. ఖాళీది తీసి నిండింది పెట్టుడే, ఖలాస్. కుక్కపిల్లలు గూడ బతుకలే."

"దానికి లోపమేం లేదా?" ఫోన్ గురించి అడిగినట్టు అడిగాను. ఆ అడిగిన నోరంటే నాకిప్పటికీ అసహ్యం.

"ఉన్నది. పెట్టెల ఉసుకె పడితె ఇరుక్కుంటది. అందుకే రోజూ తుడిచి నింపాలె. నింపేది నేనే, ఈ చేత్తోనే."

కుడిచెయ్యి తొడ కింద దాచుకుని, మిగిలిన రొట్టె ఎడమచేత్తోనే నోట్లో పెట్టుకున్నాడు.