కనురెప్ప మీది నీటిబుడిపె

మా వదిన లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దంతా ఆవిరిలో నిలబడి, ఒక్క ముడత లేకుండా చొక్కాలు మడతపెట్టే మనిషి. ఆమెను కొట్టేది నా సొంత అన్నే. అన్న అయితే ఏం, నా నోరు ఊరుకోదు. ఒంటి మీద ఏ దెబ్బ గురించి అడిగినా, "ఇస్త్రీపెట్టె తగిలింది" అనేది వదిన.

ఈ వేసవిలో ఆమె ఎడమ కనురెప్ప మీద బఠాణీ గింజంత బుడిపె లేచింది, కమిలినట్టు నీలంగా.

"ఎవరూ కొట్టలేదు. దానంతటదే వచ్చింది" అంది. నమ్మడానికి మేమేమైనా చెవిలో పువ్వు పెట్టుకున్నామా?

ఆమె తమ్ముడు మార్కెట్లో మూటలు మోస్తాడు. అక్క కన్ను చూశాడో లేదో, మా అన్న కాలర్ పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టాడు. పళ్ళు రాలి నేల మీద పడ్డాయి. "మా అక్క కన్ను పోగొడతావురా!" అంటూ స్టూలెత్తి మోచేతి మీద బాదాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది.

"ఒరేయ్, ఈసారి ఆయన కొట్టలేదురా!" అని వదిన అడ్డం పడింది.

మా అన్న నెత్తురు ఉమ్మి, "పదండి, డాక్టరు దగ్గరే తేల్చుకుందాం. నేను కొట్టలేదని తేలితే వీడు నా కాళ్ళు పట్టుకోవాలి" అన్నాడు.

అన్న చేతికి కట్టు వేయించి, అందరం కంటి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాం. ఆమె లైటు ఆర్పి, చిన్న టార్చిని బుడిపెకు ఆనించింది. బుడిపె గాజుపూసలా వెలిగింది.

"ఇది దెబ్బ కాదు. రక్తం గడ్డకడితే వెలుగు ఇలా దూరదు. చెమట గ్రంథి మూసుకుపోయి నీళ్ళు నిండాయి, వేడికి పెరిగింది. భయం లేదు. చిన్న కోతతో తీసేసి, దేనికైనా మంచిదని ల్యాబుకు పంపిద్దాం."

"విన్నావా బామ్మర్దీ? కానీయ్!" అని మా అన్న బోసినోటితో నవ్వాడు. తమ్ముడు మొహం మాడ్చుకుని అతని కాళ్ళ దగ్గర వంగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"లేవరా" అంది వదిన. వెనక్కి తిరిగి జుట్టు పైకెత్తింది. మెడ కింద ఇస్త్రీపెట్టె మొన అచ్చు దిగిన కాలిన మచ్చ.

"డాక్టరమ్మా, ఇక్కడ కూడా టార్చి వేసి చూడండి. ఇస్త్రీపెట్టె తగిలిందనే అందరికీ చెప్పాను. అది ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు."

అన్న నవ్వు ఆగిపోయింది. తమ్ముడు లేచాడు. ఈసారి వదిన అడ్డం పడలేదు.