హ్యాండ్ బ్రేకు వదలని కారు

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను నార్కట్‌పల్లి అడ్డా మీద కారు కిరాయికి నడిపేవాణ్ని. కారు నాదే. హైదరాబాదులో ఒక వకీలు వాడి వాడి వదిలేసిన పాత విలాయతీ బండి. నల్లగొండ దవాఖానకు రోగులనూ, పెళ్లిళ్లకు చుట్టాలనూ, మూటలతో సహా వ్యాపారులనూ తీసుకుపోయేవాణ్ని. ఐదుగురు పట్టే జాగాలో ఎంతమంది ఎక్కేవారో చెప్పను, నమ్మరు.

ఆ బండికి ఒకటే రోగం. వెనక చక్రాల బ్రేకులు ఊరికే అరిగిపోయేవి. ముందు చక్రాల లైనింగులు, అంటే బ్రేకు పట్టీలు, వేసినవి వేసినట్టే ఉండేవి. వెనకవి మాత్రం కొత్తవి వేయించిన కొన్నాళ్లకే రివిట్లు తేలి, తొక్కినప్పుడల్లా కీచుమని అరిచేవి. నల్లగొండలో నా బండి చూసే మిస్త్రీ చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము విప్పి, లోపలి నల్లటి పొడిని దులిపి, ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

"ఎనక గంతమందిని కుక్కితే బ్రేకులు ఏం జేస్తయి భాయ్? జర లోడు తగ్గించు."

మాట సబబుగానే తోచింది. మనుషుల్ని తగ్గించాను. మూటలు ఎక్కించడం మానేశాను. పెళ్లివాళ్లు కొందరు అలిగి వేరే బండి చూసుకున్నారు కూడా. అయినా వెనక బ్రేకులు అరగడం ఆగలేదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు నా భార్యను పుట్టింటికి తీసుకుపోయాను. వాళ్ల ఊరు తిరుమలగిరి దగ్గర. పెళ్లయిన నాటి నుంచీ ఆమె మా కారులో దూరం పోయింది లేదు. ఎప్పుడడిగినా జాగా లేదనేవాణ్ని. ఆ రోజు బండి మొత్తం ఆమెదే. వెనక సీటులో కాసేపు ఈ కిటికీ దగ్గర, కాసేపు ఆ కిటికీ దగ్గర కూర్చుంటూ, ఆముదపు చేలూ, గుట్టల మీది మేకలూ నాకు చూపిస్తూ వచ్చింది. నేను ఎన్నోసార్లు పోయిన తోవే. ఆమె చెప్తుంటే నేనూ కొత్తగా చూశాను.

సగం దూరం పోయామో లేదో, "ఏదో మాడుతున్న వాసన వస్తాంది" అంది.

బండి ఆపి ఇంజను చూశాను. అక్కడేమీ లేదు. వెనక్కి వచ్చి చక్రం మధ్య ఇనుప చిప్ప మీద చేయి పెట్టి చటుక్కున తీసేశాను. పెనంలా కాలుతోంది. రెండో పక్కా అంతే. ముందు చక్రాలు మాత్రం మామూలుగా ఉన్నాయి.

"బ్రేకు బాగ తొక్కినవా?" అని అడిగింది.

"తొక్కింది లేదు. తోవంత ఖాళీగనే ఉండె."

"మనుషులు గూడ లేకపాయె. నేనొక్కదాన్నే ఉన్న. నా బరువుకే అరుగుతున్నయా ఏంది?"

నవ్వాను గాని, ఆ మాట నన్ను పట్టుకుంది. లోడు లేదు, తొక్కింది లేదు. అయినా వెనక చక్రాలు కాలుతున్నాయంటే, బ్రేకులు వాటంతట అవే పట్టుకుని ఉండాలి.

అత్తగారింటికి చేరి, నీళ్లు తాగి, వాకిట్లోనే జాకీ తీశాను. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి వెనక చక్రాన్ని లేపాను. గేరు లేదు, హ్యాండ్ బ్రేకు దించే ఉంది. చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. గట్టిగా తిప్పితే కొంచెం కదిలి, గరగరమని ఆగిపోయింది.

మా మామకు గొర్రెల మంద ఉండేది. ఆయన వంగి చూసి, "కాలికి తాడు సుట్టుకున్న గొర్రె లెక్కనే ఉన్నది అల్లుడా" అన్నాడు.

తాడు అనగానే నాకు హ్యాండ్ బ్రేకు గుర్తుకొచ్చింది. కాలి బ్రేకు నాలుగు చక్రాలనూ పడుతుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం ఒక ఇనుప వైరుతో వెనక రెండింటినే పడుతుంది. నా భార్యను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, నేను కారు కిందికి దూరాను.

"లీవరు గుంజు."

"గుంజిన."

వైరు బిగిసింది.

"ఇగ ఇడువు."

"ఇడిసిన."

పైన లీవరు దిగింది. కింద వైరు ఉన్నచోటే ఉంది. వాగుల నీళ్లూ బురదా చేరి, వైరును కప్పిన గొట్టంలో తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. పైనుంచి చూస్తే బ్రేకు వదిలినట్టే. కింద చక్రాలు వదిలిందే లేదు. కొత్త లైనింగు వేసిన ప్రతిసారీ అది డ్రమ్ముకు రాసుకుంటూ, నేను నడిపినంత దూరమూ అరుగుతూ వచ్చిందన్నమాట.

వైరును కొసల దగ్గర విప్పి గొట్టంతో సహా బయటికి తీశాను. అత్తమ్మ దీపాల కోసం ఉంచిన గ్యాస్ నూనె సీసా ఇచ్చింది. గొట్టంలో పోస్తే ఎర్రటి నీళ్లు కారాయి. తర్వాత ఆముదం అడిగాను.

"తలకు వెట్టుకునేదే ఉన్నది. బండికి సయిస్తదా?"

"మంచిగ సయిస్తది అత్తమ్మా."

ఆముదం పోసి, వైరు ఒక కొస మామ, ఇంకో కొస నేను పట్టుకుని అటూ ఇటూ లాగాం. అత్తమ్మ గడపలో నిలబడి, "గిన్నేండ్లకు చల్ల చిలుకుడు నేర్చిండు" అంది మామను చూపిస్తూ. ఆయన నవ్వు ఆపుకోలేక కొస వదిలేశాడు.

వైరు గొట్టంలో జారుడు పట్టాక తిరిగి బిగించి, కాస్త వదులు ఉంచాను. ఇప్పుడు చక్రాన్ని ఒక్క తోపు తోస్తే తిరుగుతూనే పోయింది. లీవరు గుంజితే ఠక్కున ఆగింది. విడిస్తే మళ్లీ తిరిగింది. నా భార్య గుంజుతూ, విడుస్తూ ఎంతకీ సీటు దిగలేదు.

"ఇగ సాలు."

"ఇంకొక్కపారి."

తర్వాత నల్లగొండ మిస్త్రీకి చెప్తే, తల ఊపి, కొత్త వైరు వేసి, ఆ పూట చాయ్ తనే తెప్పించాడు. ఆ లైనింగులు ఎంతకాలం వచ్చాయో నేను లెక్క పెట్టుకోవడం కూడా మరచిపోయాను.

కాని ఆ రోజు అత్తగారి వాకిట్లో అంతటితో అయిపోలేదు. బండి కిందికి దించగానే అందరూ ఎక్కారు. అత్తమ్మ, పక్కింటివాళ్లు, వాళ్ల చుట్టాలు వెనక ఇరుక్కున్నారు. మామ గొంగడి భుజాన వేసుకుని ముందు సీటులో కూర్చున్నాడు. ఆయన కర్ర లోపల పట్టక కిటికీలోంచి బయటికి వచ్చింది. ఊళ్లో తిరుగుతుంటే ఎవరు ఎదురైనా బండి ఆపించి, "మా అల్లుడు. గిది మా అల్లుని మోటరు" అని చెప్పాడు. ఊరందరికీ తెలిసిన సంగతే. అయినా అందరూ నిలబడి విన్నారు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో నా భార్య ముందు సీటులోనే కూర్చుంది. తిరుమలగిరి చౌరస్తా దాటాక, "గీ నడుపుడు నాకు గూడ నేర్పుతవా?" అని అడిగింది.

కోతలైన చెలకలో నేర్పాను. ఆమె మొదటి గేరులోనే చెలకంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. రెండో గేరు వేయమంటే, "ఎందుకు, గిదే మంచిగున్నది" అని ఇంకో చుట్టు పోయింది.