సబ్బుపెట్టె షాకన్

మా అట్‌బాషీ లోయలో షాకన్ ఇంకా జరగని సంగతికి కూడా ఫొటో తీస్తుంది. నమ్మనివాళ్లు నమ్మకపోండి, నష్టం మీకే. గుర్రం వాగు దూకకముందే దూకినట్టు వస్తుంది. పెళ్లికూతురు ముసుగు తీయకముందే మొహం వస్తుంది. పశువుల డాక్టరు కుబాత్ కిందటి చలికాలం మంచుమీద జారి వెల్లకిలా పడ్డాడే, ఆ ఫొటో అయితే అతనింకా ఇంట్లో బూట్లు తొడుక్కుంటుండగానే తీసేసిందని చెప్పుకుంటారు. కుబాత్ కూడా కాదనడు. ఊరికే జారిపడ్డాడనిపించుకోవడం కంటే అది కాస్త గౌరవంగా ఉంటుంది మరి.

షాకన్‌కి యాభై నాలుగేళ్లు. మనిషి పొట్టి, చేతులు పెద్దవి. పొద్దున్నే పాలకేంద్రంలో క్యాన్లు తూచడం, వెన్నశాతం చూడడం, నీళ్లు కలిపి తెచ్చినవాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యడం ఆమె ఉద్యోగం. ఫొటోలు తీయడం మాత్రం ప్రాణం. ఆ ప్రాణం ఆమెకు ఆదివారం పశువుల సంతలో దొరికింది. ఒక లారీ డ్రైవరు చేతిలో వెండిరంగు కెమెరా, అరచేతిలో ఇమిడిపోయేది, కనబడింది. అమ్మడానికి తోలుకొచ్చిన పొట్టేలు తాడు అతని చేతిలో పెట్టి, కెమెరా తీసుకుని ఇంటికొచ్చేసింది.

"పొట్టేలు ఏదే?" అన్నాడు మొగుడు.

"ఇదిగో ఇక్కడే ఉంది. కదలకుండా నిలబడు" అని మొదటి ఫొటో అతనికే తీసింది. ఫొటోలో మొగుడు లేడు. తలుపుంది.

ఆ కెమెరా అంత బద్ధకపుది. మీట నొక్కితే ముందు గుర్రుమని గొంతు సవరించుకుంటుంది, ఆ తర్వాతే తీస్తుంది. ఆలోపు మొగుడు విసుక్కుంటూ లోపలికెళ్లిపోయాడు. ఇంకొకరైతే మర్నాడే పొట్టేలు కోసం లారీ వెంట పడేవాళ్లు. షాకన్ మాత్రం రెండు చలికాలాలు కంచెమీద మోచేతులు ఆనించి, పొరుగింటి అసాన్‌బెక్ కట్టెలు కొడుతుంటే తీస్తూనే ఉంది. గొడ్డలి దుంగలో దిగినప్పుడు నొక్కితే వట్టి దుంగ వచ్చేది. గొడ్డలి తలమీదికి లేచినప్పుడు నొక్కితే దుంగలో దిగిన గొడ్డలి వచ్చేది.

"ఏంటొదినా, రోజూ నన్నే చూస్తున్నావు? నాకు పెళ్లయింది, తెలుసా" అనేవాడు అసాన్‌బెక్.

"నీ మొహం ఎవడు చూశాడయ్యా! నేను చూసేది గొడ్డల్ని. నువ్వు కొంచెం పక్కకి జరిగితే ఇంకా బాగుంటుంది."

అలా నేర్చింది. ఆ తర్వాత లోయలో ఏ ఇంట తోయి విందు జరిగినా షాకనే. ఆమె ఫొటోలో ముందు నిలబడ్డ పాపాయి కనబడుతుంది, పాపాయి వెనక నలభైమంది చుట్టాలు కనబడతారు, వాళ్ల వెనక టీ కాచే సమోవారు, దాని వెనక గుర్రం, ఆ వెనక కొండమీద మేసే గొర్రె కూడా గీసినట్టు కనబడుతుంది. మావాళ్లకు కావలసింది అదే. తోయికి వచ్చినవాడు ఫొటోలో లేడంటే రానట్టే లెక్క.

ఒక జూలైలో షాకన్ తమ్ముడు జుమాదిల్ మనవడికి తాడు కోసే వేడుక పెట్టాడు. పిల్లాడు నిలబడడం నేర్చాక నలుపూ తెలుపూ కలిపి పేనిన ఉన్నితాడుతో వాడి కాళ్లు కడతారు. చుట్టాలు పరుగుపందెం పెట్టుకుంటారు. ముందు చేరినవాళ్లు కత్తి అందుకుని తాడు కోస్తారు, పిల్లాడు అడుగు వేస్తాడు. కోసినవాళ్ల నడకే పిల్లాడికి జన్మంతా ఉంటుంది. అందుకని ఎవరు కోస్తారన్నది చిన్న సంగతి కాదు.

తోయికి మూడు రోజుల ముందు జుమాదిల్ పాలకేంద్రానికి వచ్చి, క్యాన్ల మధ్య నిలబడి టోపీ తిప్పుకుంటూ గొణిగాడు.

"అక్కా, ఈసారి నువ్వు హాయిగా కూర్చో. నారిన్ నించి ఎర్మెక్ అని ఒకతను వస్తున్నాడు. పెద్ద కెమెరా."

"నా దానికేం రోగం?"

"రోగమేం లేదు. వియ్యాలవాళ్లు జుమ్‌గల్ నించి వస్తున్నారు కదా, పేరున్న ఇల్లు. వాళ్ల ముందు నువ్వు ఆ సబ్బుపెట్టె పట్టుకు తిరిగితే..."

చిన్న కెమెరాలను మావైపు సబ్బుపెట్టెలనే అంటారు. ఊళ్లో అందరూ అంటారు, షాకన్ కూడా అంటుంది. కానీ తమ్ముడి నోట ఆ రోజు అది వేరేలా వినబడింది. ఆమె క్యాను మూత బిగించింది. సొంత తమ్ముడే వద్దన్నదాన్ని రేపు పరాయివాళ్లు పిలుస్తారా? ఈ తోయితో కెమెరా పెట్టెలోకి వెళ్తుంది, తను సమోవారు దగ్గరికి వెళ్తుంది. ఆ సంగతి ఆమెకు అక్కడే అర్థమైపోయింది.

తోయినాడు ఎర్మెక్ దిగాడు. పాతికేళ్లవాడు, నెమ్మదస్తుడు. కెమెరా సంగతి చెప్పాలంటే, దాని లెన్సు సమోవారు గొట్టమంత. నొక్కితే టకటకటకమని వడగళ్లు పడ్డట్టు చప్పుడు. పిల్లలు దాని వెంటపడ్డారు, కుక్కలు దానికి దూరంగా జరిగాయి. షాకన్ టీలు పోస్తూ చూసింది. ఆమె కెమెరా ఉన్నిసంచిలో చుట్టి రవికలో దోపుకుని ఉంది. ఎందుకు తెచ్చావంటే ఏం చెబుతుంది, చెయ్యి వదిలి వస్తామా మరి!

వియ్యాలవారి పెద్ద బెయిషెనాలీ, ఎనభై రెండేళ్ల మనిషి, ముని మనవణ్ణి ముందు నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. ఎర్మెక్ కెమెరా వెనక తెరమీద చూపించాడు. పెద్దాయన చాలాసేపు చూశాడు.

"వీడు మావాడు. ఈ వెనకున్నదెవరు?"

"మీరే, తాతా."

"నేనా? నేనేమన్నా పొగనా?"

"అది అందం కోసం తాతా. వెనకున్నవి మసకబారితేనే ముందున్నది ఎత్తి చూపినట్టు..."

"ఎనభై రెండేళ్లు నిక్షేపంలా బతికి, మీ ఇంటికొచ్చి మసకబారాలా నేను? ఒరేయ్ జుమాదిల్, గుర్రంపాలు బాగా పులియబెట్టావురా, తాగకుండానే ఆవిరైపోయాను!"

తోయి గుడారమంతా పగలబడి నవ్వింది. షాకన్ నవ్వలేదు. టీ కప్పు అందిస్తూ ఆ తెరమీదికి తొంగి చూసింది. పిల్లాడి కనురెప్పల్లో ఒక్కో వెంట్రుకా విడిగా లెక్కపెట్టొచ్చు. బుగ్గమీద ఎండ వెన్నలా మెరుస్తోంది. అంత అందమైన పిల్లాడి ఫొటో ఆమె జన్మలో తీయలేదు, ఇకమీద తీయబోదు కూడా. అది ఆమెకు తెలుసు.

పందేల్లో చివరిది ఆడవాళ్లది, తాడు కోసేది అందులో గెలిచినవాళ్లే. పోప్లార్ చెట్ల వరస నుంచి పిల్లాడి ముందు పరిచిన తెల్ల కంబళి దాకా పరుగు. కంబళిని ముందు తాకిన చేతిదే దానిమీద పెట్టిన కత్తి. పదకొండుమంది బయల్దేరి, సగం దూరంలో ఇద్దరు మిగిలారు. ఒకరు పిల్లాడి మేనత్త కనిషయ్, జుమాదిల్ కూతురు, షాకన్‌కు మేనకోడలు. రెండోది పిల్లాడి పిన్ని జిపర్, వియ్యాలవారి పిల్ల, వేసవంతా గొర్రెలవెంట కొండలెక్కే మనిషి. ఇద్దరూ పక్కపక్కనే వచ్చి కంబళిమీద ఒకేసారి దబ్బున పడ్డారు. దుమ్ము లేచింది. ఇద్దరి చేతులూ కత్తిమీదే.

"నేను ముందు!"

"పోవే, నా చెయ్యి కింద నీ చెయ్యుంది చూస్కో!"

"కింద ఉన్న చెయ్యే కదా ముందొచ్చింది!"

మాట ఇద్దరినీ దాటి రెండు ఇళ్లకు పాకింది. అటువాళ్లు మావాళ్లే అన్నారు, ఇటువాళ్లు మావాళ్లే అన్నారు. ఎవరో ఎర్మెక్ కెమెరా చూడమన్నారు. ఇరవై ఏడు ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ కనిషయ్ మొహం అద్భుతంగా ఉంది, చెమటచుక్క లోపల ఎండ కూడా కనిపిస్తోంది. జిపర్ ఉండాల్సినచోట ఎర్రటి పొగమంచు ఉంది. కంబళి లేదు, చేతులు లేవు.

"మా పిల్లనీ పొగ చేశాడు!" అంది వియ్యపురాలు, వెళ్లిపోవడానికి శాలువా తీసి భుజాన వేసుకుంటూ. ఆమె వెనక ఇంకో ముగ్గురు శాలువాలు తీశారు. పిల్లాడు కట్టిన కాళ్లతో నిలబడి అటూ ఇటూ ఊగుతున్నాడు, తల్లి వాడి చంకలకింద చేతులు పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది. జుమాదిల్ మొహంలో రక్తం లేదు.

షాకన్ అప్పటికే కంబళి మూల మోకాళ్లమీద ఉంది. సమోవారు దగ్గర్నుంచి ఎప్పుడు లేచిందో, కెమెరా ఎప్పుడు తీసిందో ఆమెకే గుర్తులేదు. పరుగు ఆఖర్లో ఒక్కసారే నొక్కింది. ఇప్పుడు చేతిని గొడుగులా పట్టి చిన్న తెర చూసుకుంది. తాడు, పిల్లాడు తెరిచిన నోరు, కత్తి, వెనక జనం, అంతా ఉంది. జిపర్ అరచెయ్యి కంబళిమీద పూర్తిగా ఆనింది. కనిషయ్ వేళ్లు ఇంకా గాలిలో ఉన్నాయి, జానెడు దూరంలో.

సంచిలో పెట్టేసుకుంటే ఎవరికీ తెలియదు.

"జుమాదిల్, ఇట్రా. ఇది చూడు."

తమ్ముడు వంగి చూశాడు. చూసి, గొంతు తగ్గించాడు. "అక్కా, మన పిల్ల ఓడిపోయిందిక్కడ. చెరిపెయ్యి."

"చెరిపే మీట ఎక్కడుంటుందో నాకు తెలీదురా" అంది షాకన్. అది ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. తిన్నగా వెళ్లి బెయిషెనాలీ చేతిలో కెమెరా పెట్టింది.

పెద్దాయన కళ్లజోడు తెప్పించుకున్నాడు. అరచేతిలో కెమెరాను కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇడుగో నేను!" అని అరిచాడు. "టోపీ కుచ్చుతో సహా ఉన్నాను! చూడండర్రా, గడ్డం కూడా ఉంది!"

"తాతా, చేతులు చూడు, చేతులు!"

"చూస్తున్నా ఉండండి. ఊఁ... మా పిల్ల చెయ్యి ఆనింది. ఆ పిల్లది ఇంకా దార్లోనే ఉంది." తల ఎత్తాడు. "ఇది తీసినావిడ ఎవరి తరఫు?"

"మా అక్క" అన్నాడు జుమాదిల్, నేల చూస్తూ.

"అంటే సొంత మేనకోడలు ఓడిందని తనే తెచ్చి చూపించిందా?" పెద్దాయన వియ్యాలవారి ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఆ శాలువాలు కింద పెట్టండి. ఇంత నిజమున్న ఇంట్లో పిల్లనిచ్చాం, ఇంకేం కావాలి!"

కనిషయ్ అప్పటికే బట్టలు దులుపుకుంటూ నవ్వుతోంది. "అత్తా, పోనీ నా మొహమన్నా బాగా వచ్చిందా?"

"నీ మొహం అతని దాంట్లో చూసుకో. నా దాంట్లో నోరే వచ్చింది."

జిపర్ తాడు కోసింది. పిల్లాడు రెండడుగులు వేసి, ఆగి, మూడోది వేసి, కూలబడకుండా నాలుగోది వేశాడు. మిఠాయిలు ఆకాశానికి లేచాయి. "షాకనక్కా, ఇటు చూడు! షాకనక్కా, మాకూ!" అని నాలుగు వైపుల నుంచీ పిలుపులు. జుమాదిల్ కంబళిమీద నిలబడి అందరూ వినేలా అన్నాడు:

"అక్కా, తియ్యి. అందరినీ తియ్యి. నా ఇంట ఇకమీదట తీసేది నువ్వే."

ఎనభైమందిని నిలబెట్టింది షాకన్. బెయిషెనాలీ ముందు వరసలోకి రమ్మంటే రాలేదు. పనిగట్టుకుని అందరికంటే వెనక్కి, గుర్రాలు కట్టేసిన దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "ఇక్కణ్ణించి కూడా కనబడాలి నేను!" కనబడ్డాడు, గుర్రంతో సహా. మాంసం వడ్డించేటప్పుడు పెద్దమ్మలకిచ్చే తుంటిభాగం షాకన్ పళ్లెంలోకి వచ్చింది, పంపింది వియ్యపురాలు. అట్‌బాషీలో ఒక సబ్బుపెట్టెకు అంత మర్యాద అంతకుముందు జరగలేదు, ఆ తర్వాత మూడు వేసవులపాటు ఆమె లేకుండా ఒక్క తోయి జరగలేదు.

కథ మాత్రం మాంసం చల్లారకముందే పెరిగిపోయింది. గుడారం ఆ చివరకు చేరేసరికి, పందెం మొదలుకాకముందే, పిల్లలిద్దరూ ఇంకా చెట్లకింద జడలు బిగించుకుంటుండగానే షాకన్ ఆ ఫొటో తీసేసిందని తేలింది. ఎర్మెక్ తన పళ్లెం పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నిజమేనా పెద్దమ్మా? పరుగు మొదలుకాకముందే తీశారట?"

షాకన్ ఎముక పళ్లెంలో పెట్టి, వేళ్లు తుడుచుకుంది.

"లేదు బాబూ. నాది నెమ్మది కెమెరా. వాళ్లింకా నాలుగడుగుల దూరంలో ఉండగా నొక్కాను. నీది నాదానికంటే మంచిది. పిల్లాడి ఫొటో నాకొకటి ఇయ్యి."