క్యాసెట్‌లో చెప్పిన ఐర్లండ్ కథ

గల్ఫ్ యుద్ధం జరిగిన చలికాలంలో నేను రియాద్‌లో ఒక ఆసుపత్రిలో ఏసీ మెకానిక్‌ని. సైరన్ మోగితే, రోగుల దగ్గర ఉండాల్సినవాళ్లు తప్ప మిగతా అందరం బేస్‌మెంట్‌లోకి దిగేవాళ్లం. అక్కడ కాన్పుల వార్డులో పనిచేసే ఐర్లండ్ సిస్టర్ ఒకామె, గ్యాస్ మాస్కు ఒళ్లో పెట్టుకుని నవల చదువుతుండేది. యాభై ఏళ్లుంటాయి. ఒకరోజు భయం మరిచిపోవడానికి, అందులో ఏముందని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

వాళ్ల దేశపు రచయిత్రి రాసిందట. ఆరుగురు పిల్లల తల్లి కథ. ఇంకో కాన్పయితే బతకవన్నాడు డాక్టరు. గర్భం రాకుండా చూసుకోవడం పాపమన్నాడు చర్చి ఫాదర్. భర్త మంచివాడే కానీ ఏమీ మాట్లాడడు. ఆమె మళ్లీ నెల తప్పింది. గర్భం తీయించుకోవడం అక్కడ నేరం. ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి ఇంగ్లండు వెళ్లింది. నాలుగైదు సైరన్లకు కథ పూర్తయింది. ఇలాంటివాళ్లు తమ ఊళ్లోనూ ఉన్నారంటూ సిస్టర్ పుస్తకం మూసింది.

ఆ శుక్రవారం రియాద్ శివారు సులైలో మా కూలీల క్యాంపు మిద్దె మీద కూర్చుని, కరీంనగర్ దగ్గర మా ఊళ్లో ఉన్న నా భార్యకు ఆ కథంతా, ఉత్తరానికి బదులు రికార్డు చేసి పంపే క్యాసెట్‌లో చెప్పాను. చివర్లో అలవాటుగా, ఈసారి చుట్టీ దొరికి ఇంటికొస్తే కొడుకును కందామన్నాను. మాకప్పటికి ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పులో రక్తం ఆగక ఆమె చావు దాకా వెళ్లొచ్చింది.

యుద్ధం ముగిశాక, నా భార్య ఊరి నుంచి వచ్చినతని చేత జవాబు క్యాసెట్ పంపింది. పిల్లల ముచ్చట్లన్నీ అయ్యాక ఇలా అన్నది.

"ఆ కథలున్న ఆమెను ఎవ్వరన్న అడిగిన్రా? నన్ను గూడ నువ్వు అడుగలే. నాకింక కాన్పు వద్దు. ఆపరేషన్ గూడ నేను చేయించుకోను. రెండు కాన్పులల్ల నా పెయ్యి ఇప్పటికే మస్తు గోసపడ్డది."

నాకు చాలా సిగ్గనిపించింది. రెండు కాన్పులప్పుడూ నేను రియాద్‌లోనే ఉన్నాను. సిస్టర్‌కు చెబితే నవ్వి, మగవాళ్ల ఆపరేషన్ ఎంత చిన్నదో కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

చుట్టీ మీద వెళ్లి, కరీంనగర్ పెద్దాసుపత్రిలో చేయించుకున్నాను. నా భార్య వెంట వచ్చింది. తిరుగు బస్సులో నాకు కిటికీ పక్క సీటిప్పించి, వారం దాకా నన్ను బకెట్ కూడా ఎత్తనివ్వలేదు.

మా అమ్మకే కోపమొచ్చింది. కష్టం చేసుకునేవాడికి బలం పోతుందని, వంశం నిలవదని నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెవి తొమ్మిది కాన్పులు. నేను తిరిగి రియాద్ వచ్చాక, ఒక మధ్యాహ్నం కోడలి తలకు నూనె పెడుతూ, "మమ్ముల అడిగినోడెవ్వడు బిడ్డా? అడిగితే నల్గురితోనే సాలంటుంటి" అన్నదట.

నేను మా అమ్మకు ఆరోవాణ్ని. ఆ సంగతి తర్వాతి క్యాసెట్‌లో చెబుతూ నా భార్య ఎంతసేపు నవ్విందో! వింటూ నేనూ నవ్వాను.