గుర్తుకాయలూ, ఒక ఆనర్స్ సీటూ

ఆ రోజుల్లో, అంటే ఇంటర్ పాసైన వేసవిలో, ఆనర్స్ సీటు కోసం ఎదురుచూస్తూ నేను పోగొట్టుకున్నవి లెక్కవేస్తే మొత్తం అయిదు. ఒకటి, రాజోలు బస్సులో మరిచిపోయిన గొడుగు. రెండు, ఎడమకాలి చెప్పు (కుడికాలిది భద్రంగా ఇంటికి తెచ్చాను, ఎందుకో నాకే తెలియదు). మూడు, రెండున్నర కిలోల ఒంటి బరువు. ఇది కురిడీలు, అంటే ఎండుకొబ్బరి కాయలు, తూచే కాటా మీద రెండుసార్లు చూసుకున్న లెక్క. నాలుగు, పంతొమ్మిది రోజుల నిద్ర, రోజుకు మూడు గంటల చొప్పున యాభై ఏడు గంటలు. అయిదోది ఆ సీటే. మొదటి నాలుగూ వాటంతట అవే పోయాయి. అయిదోదాన్ని మాత్రం నేనే స్వయంగా ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, వరసపెట్టి, లెక్కపెట్టి అప్పగించి వచ్చాను.

మా నాన్నగారు నా చిన్నప్పుడే పోవడంతో కొత్తపేట దగ్గర మా మావయ్య ఇంట్లో పెరిగాను. మావయ్య ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర కాయలు లెక్కపెట్టే మనిషి. సెలవుల్లో నేనూ రాశి పక్కన నిలబడేవాణ్ణి. చేతికి రెండేసి చొప్పున కాయలు విసురుతూ వంద కాగానే ఒక కాయ తీసి పక్కన పెట్టాలి. దాన్ని గుర్తుకాయ అంటాం. అది వందలోది కాదు, వంద అయిందని చెప్పడానికి ఉన్నది. సాయంత్రం గుర్తుకాయలు లెక్కపెడితే ఎన్ని వందలో తేలిపోతుంది. నా లెక్కల చదువంతా అక్కడే మొదలైంది. కాలేజీలో లెక్కల మాస్టారు బోర్డు మీద పెద్ద పెద్ద సంఖ్యలు వేస్తుంటే నాకు వాటి పక్కన గుర్తుకాయలు కనపడేవి.

అలాంటి నాకు యూనివర్సిటీలో లెక్కల్లో ఆనర్స్ అనే కోర్సు ఒకటి ఉందనీ, మన వైపు నుంచి కూడా పిల్లల్ని తీసుకుంటారనీ తెలిసేసరికి ఒళ్ళు ఆగలేదు. ఇరవై సీట్లు. ప్రవేశ పరీక్ష రాశాను. ఫలితాలు చూసుకోవడానికి రాత్రంతా రైల్లో నిలబడి వెళ్ళాను. నోటీసు బోర్డు మీద మొదటి ఇరవైలో నా పేరు లేదు. కింద వెయిటింగ్ లిస్టులో ఉంది, మూడోది. నేను ఏడవలేదు. జేబులోంచి కాగితం తీసి నా పైన ఉన్న ఇద్దరి పేర్లూ ఊర్లూ రాసుకున్నాను. తర్వాత ఆఫీసు గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న అటెండరు దగ్గరికి వెళ్ళాను.

"వెయిటింగ్ లోంచి ఎంతమందిని పిలుస్తారండి?"

"పోయినేడు ఇద్దరు. ముందటేడూ ఇద్దరే. నీదెంత?"

"మూడండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే ముందున్న వాళ్ళలో ఒకళ్ళకి మనసు మారాలని దణ్ణం పెట్టుకో" అన్నాడు.

దణ్ణం మీద నాకు అపనమ్మకం లేదు గాని, ఎవరి మనసు మారాలో ఊరూ పేరూ చేతిలో ఉన్నప్పుడు దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం దేనికనిపించింది. ఇంకో ఊరట ఏమిటంటే ఆ ఇద్దరూ మన కోనసీమ వాళ్ళే. ముందు ఆ ఇరవైమందీ వారంలోగా ఫీజు కట్టాలి, ఆ తర్వాతే వెయిటింగ్ లోంచి పిలుపులు. అంటే నాకు వారం గడువుంది.

ఒకటో నంబరుది పలివెల. సైకిలు మీద వెళ్ళాను. వాళ్ళమ్మగారు మజ్జిగ ఇచ్చి, అబ్బాయికి కొన్న రేకుపెట్టె చూపించారు. పెట్టె మీద అతని పేరు, పేరు కింద 'ఆనర్స్' అని తెల్ల రంగుతో రాయించేశారు. వేలితో తాకి చూశాను. పెయింటు ఆరిపోయింది. మరి మాట్లాడకుండా సైకిలెక్కాను.

ఇక ఆశంతా రెండో నంబరు మీదే. అంతర్వేది వైపు అమ్మాయి. తండ్రి ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆ అమ్మాయికి టీచర్ ట్రైనింగులో కూడా సీటొచ్చిందనీ, ఇంట్లో అదే ఖాయం చేసే ఆలోచనలో ఉన్నారనీ పరీక్ష నాడు వాళ్ళతో పరిచయమైన ఒకటో నంబరు తల్లిగారే మజ్జిగ ఇస్తూ చెప్పారు. ఆ మాట విన్నాక నా గుండె సైకిలు కంటే ముందు ఇల్లు చేరింది. మావయ్య మాత్రం లెక్కచేయలేదు.

"వెళ్ళి ఏం చేస్తావురా?"

"ట్రైనింగులో చేరుతుందో లేదో కనుక్కొస్తాను."

"చేరదనుకో?"

"చేరమని నచ్చజెబుతాను."

"ఊఁ. వెళ్తే వెళ్ళు గాని వాళ్ళింట్లో భోంచెయ్యకు. ముద్ద దిగిందంటే నీకు అబద్ధం పైకి రాదు."

ఈ ముక్క నేను చెవిన పెట్టలేదు. కొత్తపేట, అమలాపురం, రాజోలు, అక్కణ్ణుంచి మరో బస్సు. మొత్తం మీద నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటలూ ఆనర్స్ హాస్టల్లో నా గది కిటికీ ఎటువైపు ఉంటుందా అని ఆలోచించాను. తూర్పుకేనని తేల్చుకున్నాను.

మాస్టారు నన్ను వీధిలోనే పలకరించి లోపలికి తీసుకెళ్ళారు. ఎవరు, ఏం పని అని అడగకముందే కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి, చందువా చేప పులుసుతో అన్నం పెట్టేశారు. మూడోసారి వడ్డించాక గాని వచ్చిన పని అడగలేదు. "ఆనర్స్ కి నేనూ రాశానండి, అమ్మాయిగారు ఏం చేద్దామనుకుంటున్నారో కనుక్కుందామని" అని నసిగాను. తలుపు వెనక నుంచి ఆ అమ్మాయి ముందుకొచ్చింది.

"మీది మూడో నంబరా అండీ?"

"ఆయ్."

"నేను మానేస్తే మీకొస్తుంది, అంతేనా అండీ?"

"ఆయ్" అన్నాను మళ్ళీ.

ఆ అమ్మాయి నవ్వలేదు. మాస్టారు మాత్రం నవ్వి, "ట్రైనింగుకే పంపుదామనుకుంటున్నామండి. దగ్గర, ఖర్చు తక్కువ, రెండేళ్ళలో ఉద్యోగం. దీనికే ఒప్పుదల లేదు. హైస్కూల్లో లెక్కల టీచరవ్వాలంటుంది" అన్నారు. ఆ క్షణంలో చెయ్యి కడుక్కుని 'వెళ్ళొస్తానండి' అని లేచేసి ఉంటే సీటు నాదే. కానీ అరుగు మీద కూర్చున్న మాస్టారి తల్లిగారు పిలిచారు. ఆవిడ ఎనభై దగ్గర మనిషి. కూలికి తోటల్లో కాయలు మోసి, ఆ కూలితోనే కొడుకుని మాస్టారుని చేసిన మనిషి అని తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే జాగ్రత్తపడేవాణ్ణి.

"లెక్కలొచ్చిన కుర్రోడివంట గదా బాబూ. ఇది పెద్దబళ్ళో లెక్కల పంతులమ్మ అవ్వాలంటే ఏ దారి దగ్గరో చెప్పు. నాకు చదువు రాదు. కళ్ళకి కనపడేలా పెట్టి చెప్పు."

నా లెక్క చూపించమని ఒకరు అడగడం, నేను ఆగడం, జరిగే పని కాదు. పెరట్లో రాలిన కొబ్బరి పిందెలు ఏరుకొచ్చి అరుగు మీద రెండు వరసలు పెట్టాను. పిందెకో ఏడాది. ట్రైనింగు దారి: ట్రైనింగు రెండు, ఉద్యోగానికి ఎదురుచూపు ఒకటి, ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా డిగ్రీ మూడు, బీఈడీ ఒకటి. ఆనర్స్ దారి: ఆనర్స్ మూడు, బీఈడీ ఒకటి, ఉద్యోగానికి ఎదురుచూపు రెండు. (ట్రైనింగు వరసలో ప్రమోషన్ కోసం కూర్చునే ఏళ్ళు నేను వెయ్యలేదు. మరిచిపోయానని అప్పట్లో చెప్పుకున్నాను.) చిన్న లెక్క కాబట్టి వందకు బదులు మూడుకొక గుర్తుకాయ చొప్పున పక్కన పెట్టుకుంటూ వచ్చాను. అలవాటు. తర్వాత వేలితో చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టాను.

"ట్రైనింగు దారి ఏడేళ్ళండి. ఆనర్స్ దారి ఎనిమిది."

మాస్టారు తలాడించారు. అమ్మాయి మొహం తిప్పుకుంది. నా కిటికీ తూర్పుకు తెరుచుకుంది. అప్పుడు మామ్మగారు చేతికర్రతో ఆనర్స్ వరస పక్కనున్న రెండు పిందెల్ని మెల్లిగా పొడిచారు.

"ఇవేంటి బాబూ?"

"గుర్తుకాయలండి."

"ఈ వరసలో వీటిని కలిపేవు. ఆ వరసలో గుర్తుకాయలు కలపలేదే? ఏ కళ్ళంలో నేర్చుకున్నావు ఈ లెక్క?"

నా చెవులు కాలిపోయాయి. అది పొరపాటా, కాదా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండు జవాబులకూ సమానంగా సాక్ష్యాలు దొరుకుతున్నాయి. మాస్టారు పెద్దమనసుతో, "పోన్లెండి, మా అమ్మది తోటల లెక్క. చదువుకున్నవాళ్ళ లెక్క వేరే ఉంటుంది" అని నాకు దారి వదిలారు. ఆయ్ అంటే చాలు. ఒక్క ఆయ్. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అన్నిటికీ అదే అంటున్నాను. సరిగ్గా కావలసినప్పుడు గొంతులోంచి రాలేదు. చందువా పులుసు అడ్డం పడిందని మావయ్య తర్వాత అన్నాడు గాని, అదొక్కటే కాదు. రేపు నేను లేకుండా కూడా ఆ పిందెలు ఆ అరుగు మీద ఉంటాయి, వాటిని చూసి ఈ లెక్క కొత్తపేట కుర్రాడు చేశాడని ఎవరో ఒకరు అంటారు, అది నేను భరించలేను.

"లేదండి. మామ్మగారి లెక్కే రైటు" అన్నాను. గుర్తుకాయలు రెండూ తీసి పెరట్లోకి విసిరేశాను. "ఆనర్స్ ఆరు, ట్రైనింగు ఏడు. ప్రమోషన్ ఏళ్ళు కూడా కలిపితే ట్రైనింగుకి ఇంకా పెరుగుతాయండి."

"ఆఖరి మాట ఎవరూ అడగలేదు కదండీ" అంది అమ్మాయి. మొదటిసారి నవ్వింది.

"లెక్క పూర్తిగా చెప్పకపోతే నాకు నిద్రపట్టదండి."

మామ్మగారు మనవరాలి వైపు తిరిగారు. "ఒసే, ఈ అబ్బాయి తన సీటు తీసి నీ చేతిలో పెట్టేడు. అక్కడ నువ్వు చదివిందంతా రాసి ఇతనికి పంపు. పుస్తకానికి పుస్తకం."

"అలాగే మామ్మా."

తిరుగు ప్రయాణంలో బస్సు అందుకోబోయి చెప్పు, బస్సులో గొడుగు పోయాయి. మావయ్య నా కుడికాలి చెప్పును చూసి, "సీటు అడగడానికి వెళ్ళేవా, కట్నం చదివించడానికి వెళ్ళేవా?" అన్నాడు. అయినా ఆశ చావలేదు. ఈ ఏడాది ముగ్గుర్ని పిలవకూడదని ఎక్కడుంది అనుకుంటూ పంతొమ్మిది రోజులు పోస్టుమాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. పిలిచింది ఇద్దర్నే. యూనివర్సిటీ వాళ్ళ పట్టుదల మెచ్చుకోవాలి.

ఆ శీతాకాలంలో రాజోలు బస్సు డ్రైవరు ఒక పొట్లం ఇచ్చి వెళ్ళాడు. నోటు పుస్తకాలు రెండు. గుండ్రటి అక్షరాలు, ప్రతి లెక్కకూ పక్కన 'ఇది మాస్టారు వేగంగా చెప్పేశారు, మీరు నెమ్మదిగా చదవండి' లాంటి చిన్న మాటలు. కాయలు లెక్కపెట్టే పనిలో కుదిరిన నేను, మధ్యాహ్నం రాశి నీడలో కూర్చుని అవి చదివాను. అర్థం కానివి ఉత్తరం రాసి అడిగేవాణ్ణి. జవాబు తర్వాతి పుస్తకం అట్ట లోపల ఉండేది. అలా మూడేళ్ళు. ఇప్పుడు ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళు వంకరటింకర చెరువు విస్తీర్ణం ఎంత, ఎన్ని పిల్లలు పొయ్యాలి అని నా దగ్గరికే వస్తారు. ఏ కాలేజీలో చదివారండీ అని అడిగితే బస్సులో వచ్చిన కాలేజీ అంటాను.

రెండో నంబరుగారు సరిగ్గా ఆరో ఏట హైస్కూల్లో లెక్కల టీచరయ్యారు. మొన్నామధ్య హెడ్మాస్టరు కూడా అయ్యారు. అభినందించడానికి ఫోను చేసి, క్షేమసమాచారాలయ్యాక ఎప్పటిలాగే అడిగాను.

"ఇల్లు మారినప్పుడు ఎక్కడో పెట్టేనండి. వెతుకుతున్నాను. ఈ వయసులో మీకది దేనికండీ?"

"లెక్క పూర్తవ్వాలి గదండీ."

అవతల ఆవిడ నవ్వుతుంటే ఇవతల నేనూ నవ్వాను, పద్దెనిమిదేళ్ళవాడిలా ఇంకా పొట్లం కోసం బస్సు వైపు చూస్తున్నందుకు. ఆరు నెలల చదువుకు రెండేసి చొప్పున మూడేళ్ళకు పన్నెండు నోటు పుస్తకాలు. పదకొండు వచ్చాయి. రావలసినది, ఒకటి.